తోకగది కాటుక

చలి మొదలైన 61వ రోజు

బావి నోటి దగ్గర, రాతి విషాన్ని పసిగట్టే పెట్టె టిక్కులు నిమిషానికి పద్నాలుగు. నిన్న పద్నాలుగు. మొన్న పదిహేను. నీళ్ళ వేడి మామూలే. గొట్టం తోక దగ్గర ధార కొంచెం సన్నబడింది.

నన్నడిగితే ఇంతకంటే రాయాల్సింది లేదు. కానీ సుభద్రమ్మ ఈ పుస్తకం నా ముందు పడేసి రోజూ అర పేజీ అయినా నిండాలంది. ఆమె మా ఉడుకుబావి ఊరికి పెద్ద. ఊళ్ళో నాలుగు వందల పది మంది ఆమె మాట వింటారు. నేను సగం వింటాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆకాశానికి మసక పట్టింది. బడి అంతటితో సరి. ఇప్పుడు డెబ్భై ఒకటి. ఈ మధ్యలో నేను రాసినవి గొట్టాల మీద సుద్దముక్కతో పెట్టిన గుర్తులే. అక్షరాలు వంకరగా ఉంటే చూసేవాళ్ళు మెడ వంచుకోవాలి.

పొద్దున్నే, వాడిన నీళ్ళు మళ్ళీ భూమిలోకి దిగే వెనక్కిపోయే బావిలోకి తోముడు నీళ్ళు వదిలాను. అవి కింద రాళ్ళ మధ్య తిరిగి బావి నోట్లోంచి మళ్ళీ గొట్టంలోకి వస్తాయి. రెండు పీపాలు చౌడు ఉప్పు కలిపినవి, అర పీపా పుల్లనీళ్ళు. ఈ తోముడు నాది. మూడేళ్ళ కింద గొట్టం లోపల తెల్లసున్నం పేరుకుని బొటనవేలు పట్టేంత సందు మిగిలింది. ఆ చలికి ముగ్గురు పోయారు. మా ఇంటిది చింతపండు, ఉప్పు పెట్టి ఇత్తడి చెంబు తోముతుంటే చూసి నాకు తట్టింది. చెంబుకు పనికొచ్చేది గొట్టానికి ఎందుకు పనికిరాదు? చేసి చూపించాను. సున్నం నురగలా వదిలిపోయింది. బావి నోటి కవాటం మీద ఎర్ర రంగుతో ‘గంగులప్ప తోముడు’ అని రాయించింది సుభద్రమ్మ. చదువుకున్నవాళ్ళకు తట్టలేదు. నాకు తట్టింది.

అర పేజీ అయింది.

64వ రోజు

నోటి దగ్గర పద్నాలుగు.

కర్ర ఒక కొస గొట్టానికి, ఒక కొస చెవికి ఆనించి విన్నాను. తోక దగ్గర నీళ్ళు గొంతు పట్టినట్టు పోతున్నాయి. తోకగది కవాటం మూసి కీలు విప్పాను. లోపల తెల్లది లేదు. నల్లగా, మెరుస్తూ, చల్లారిన తారులా ఉంది. సున్నమైతే చువ్వ తగలగానే పెంకులు పెంకులుగా ఊడుతుంది. ఇది ఊడలేదు. మధ్యాహ్నం వరకు గీకితే చేటెడు వచ్చింది. ఎత్తబోతే నడుం పట్టుకుంది. సీసం బరువు.

తోకగది అంటే మా గొట్టం ఆఖరి మజిలీ. నాపరాళ్ళ కింద గొట్టం పాములా అయిదు మెలికలు తిరుగుతుంది. అక్కడ మిగిలిన వేడి మొత్తం రాళ్ళకిచ్చి నీళ్ళు చల్లబడి వెనక్కిపోయే బావిలో దిగుతాయి. ముసలివాళ్ళు పొద్దంతా ఆ రాళ్ళ మీద కూర్చుంటారు. పనికి పోయే తల్లులు పసిపిల్లలను అక్కడే పడుకోబెట్టి పోతారు. చూసుకునేది మా ఎర్రక్క. నాకు పెళ్ళాం, ఆ గదికి రాణి.

నేను చేట బయట పెట్టగానే వచ్చింది.

“ఆ నలుపు పారబోయొద్దు. నాకియ్యి.”

“నీకెందుకు మే?”

“మోకాళ్ళకు. ఆముదంలో నూరి పూస్తే నొప్పి గుంజుతాది. రెండేండ్లుగా పూస్తానే ఉండా. గొట్టాన్ని సూసినట్టు నా కాళ్ళను యానాడన్నా సూస్తివా నువ్వు?”

“గొట్టం నోరు మూసుకుని పని చేస్తాది.”

“మూసుకునింది గాబట్టే గదా ఇప్పుడు గీకుతాండావు.”

గదిలో ముసలివాళ్ళు నవ్వారు. నేను చేట ఇచ్చేశాను. గొట్టం కీళ్ళ సందుల్లో ఊరే ఆ నలుపును వాళ్ళు కాటుక అంటారట. నాకు ఇప్పుడే తెలిసింది.

67వ రోజు

నోటి దగ్గర పద్నాలుగు.

మెహరున్నీసాను పిలిచాను. నీళ్ళ పరీక్ష ఆమె పని. ఊళ్ళో నీళ్ళ గురించి, రాళ్ళ గురించి మిగిలిన ఒక్క పెద్ద పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివింది ఆమె ఒక్కతే. అయిదు నెలల బిడ్డ ఉంది, జుబేదా. పొద్దంతా ఎర్రక్క ఒళ్ళోనే ఉంటుంది. కుడి బుగ్గ మీద ఎర్రక్క పెట్టిన దిష్టి చుక్క, ఉద్దిగింజంత.

మెహర్‌కు నల్లపెళ్ళ ఒకటి చేతిలో పెట్టాను.

“ఇనుము మసి ఉంటాది తాతా.”

“అరవై ఏండ్లు ఇనుము మోసినా. దాని బరువు నాకు తెలీదా?”

“మల్ల ఇంకేముంటాది?”

“కొండ కింద రాయి. మా నాయన కాలంలో తవ్వేవాళ్ళే, ఆ రాయి.”

ఆమె నవ్వింది. పుస్తకం చదివినవాళ్ళ నవ్వు. “యురేనియమా? అది గాలి సోకిన నీళ్ళలోనే కరుగుతాది తాతా. గాలి లేని నీళ్ళలో రాయి రాయి మాదిరే ఉంటాది, కదలదు. పుస్తకంలో రాసుండాది. మన నీళ్ళకు నోటి నుంచి తోక దాకా గాలి యాడ తగులుతాది? అయినా నోటి కాడ దినామూ టిక్కులు సూసేది నువ్వే గదా. ఎంత?”

“పద్నాలుగు.”

“అంతే మల్ల.”

నాకు సంతోషమే అయింది. నా లెక్క చూపించి ఆమె నా నోరు మూయించింది. నా లెక్క మీద నాకు నమ్మకం.

69వ రోజు

చలి గట్టిగా ఉంది. టిక్కుల పెట్టె బ్యాటరీ బిగుసుకుపోయి పలకలేదు. ఊరికంతా ఉన్నది ఈ ఒక్క పెట్టె. దాన్ని బావి నోటి దగ్గర తప్ప ఎక్కడా పెట్టం. చెడ్డది వస్తే భూమిలోంచి వస్తుంది, వస్తే నోట్లోంచే రావాలి. అందుకని అక్కడ కాపలా పెట్టాం.

వెచ్చబడుతుందని తోకగదికి తీసుకుపోయి రాళ్ళ మీద పెట్టాను. కాసేపటికి అది బొరుగులు వేగినట్టు మోగింది. ముల్లు చివరికి పోయి అక్కడే నిలబడింది. పెట్టెకు ఒకటి తగిలించాను. ఆగలేదు. పిల్లలు లేచి ఏడ్చారు.

“దాన్ని బయటకు తీస్కపో. ఈడ పనుకున్నోళ్ళు ఉండారు,” అంది ఎర్రక్క.

బయటకు తెచ్చాను. పద్నాలుగు.

ఆవిరికి పెట్టె చెడింది అని రాస్తున్నాను.

70వ రోజు

పెట్టె బాగానే ఉంది. నోటి దగ్గర పద్నాలుగు. కుడి భుజం లేవడం లేదు.

72వ రోజు

నిన్న ఏమీ రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

ఆవిరికి చెడిన పెట్టె బయటకు రాగానే బాగుపడుతుందా? నా జన్మలో చెడిన వస్తువు ఏదీ తనంతట తాను బాగుపడలేదు. ఈ పొద్దున అన్నం ఉడుకుతుంటే పెట్టెను గిన్నె మీద ఆవిరిలో పట్టుకున్నాను. చెయ్యి కాలింది. పెట్టె చెమటలు కారింది. పద్నాలుగు.

ఆవిరి కాదు.

తోకగదికి పోయాను. రాళ్ళ దగ్గర వంగి పట్టుకుంటే లెక్కపెట్టలేకపోయాను. మొదటి మెలిక దగ్గర తక్కువ. రెండోదాని దగ్గర ఎక్కువ. అయిదోదాని దగ్గర, అన్నిటికంటే చల్లటి మెలిక దగ్గర, టిక్కుకూ టిక్కుకూ నడుమ సందు లేదు. ఎర్రక్క కూర్చునేది దాని మీద. నడివేడి రాయి మోకాళ్ళకు సుఖమని ఆ చోటు ఏరుకుంది.

“అందరూ బయటకు పదండి. పిల్లల్ని ఎత్తుకోండి,” అన్నాను.

“చలికి సంపుతావా ఏంది?” అంది ఎర్రక్క.

“పదండి అంటాంటే.”

నా గొంతు విని లేచారు. మేకల కొట్టంలోకి నడిపించాను. అక్కడ గొట్టం పోదు. ఎర్రక్క గడ్డి మీద కూలబడి కాళ్ళు చాపింది.

“ఏమయా, ఆ పెట్టె నాకూ పెట్టు. లోపల ఏం మోగుతాదో సూస్తాం. యాభై ఏండ్ల నుంచి ఉడుకుతాండా గదా.”

పెట్టాను. నెత్తి దగ్గర పదిహేను. గుండె దగ్గర పద్నాలుగు. మోకాళ్ళ దగ్గర తొంభై దాటింది.

ఆమె నవ్వు ఆపలేదు. ఆమెకు లెక్కలు తెలియవు. నా ముఖం చూసి ఆపింది.

జుబేదా ఆమె పక్కనే గుడ్డలో ఉంది. పెట్టెను పొట్ట దగ్గర పట్టుకున్నాను. పద్నాలుగు. బుగ్గ దగ్గరకు తెచ్చాను. ముప్పై ఎనిమిది.

చుక్కను తడిగుడ్డతో తుడిచాను. మళ్ళీ పట్టుకున్నాను. పదిహేను.

గుడ్డ ఎక్కడ పడేయాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

73వ రోజు

మెహర్ వచ్చింది. చెప్పాను. ఆమె మొదట నా మీద మండిపడింది, తర్వాత పుస్తకం మీద. తర్వాత బిడ్డను ఎత్తుకుని నోరు, గోళ్ళు, వేళ్ళ సందులు నీళ్ళతో కడిగింది. మళ్ళీ కడిగింది. బిడ్డ ఏడుస్తున్నా కడిగింది.

ఆ తర్వాత కూర్చుని అడిగింది. “గాలి లేకుండా ఎట్లొచ్చింది తాతా? నోటి కాడ పద్నాలుగే గదా, ఎట్లొచ్చింది?”

ఎర్రక్క వేడినీళ్ళతో మోకాళ్ళు తోముకుంటూ అక్కడే ఉంది. ఆమే అంది.

“నెయ్యి కాగేటప్పుడు కనపడతాదా? నీళ్ళ మాదిరే ఉంటాది. చల్లారినాక గదా పేరుకునేది.”

మెహర్ ఆమె వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. పొద్దున్నుంచీ నాకు తెలుసు. ఎవరైనా అంటారేమో అని చూస్తున్నాను. ఎవరూ అనకపోతే నేనే అనాలి.

“ఆ పుస్తకం రాసినాయన నీళ్ళలో ఉప్పేసి సూసుండడు,” అన్నాను.

మెహర్ వేళ్ళు మడిచి లెక్కవేసుకుంది. “ఉప్పు. పులుపు. మీద అంత ఉడుకు. గాలి లేకపోయినా ఉప్పు పోయి ఆ రాయిని పట్టుకునుంటాది. ఉడుకు ఉన్నంతసేపు ఇడిచిపెట్టదు. నోటి కాడ నీళ్ళతో పాటు పరిగెత్తుతాది, నిలబడదు, పెట్టెకు అందదు. చల్లబడినకాడ ఇడిచేస్తాది.”

“చల్లబడేది తోకలో.”

“తోకలో.”

“నలుపు ఊరడం ఎప్పుడు మొదలయింది అవ్వా?” అని ఎర్రక్కను అడిగింది.

“రెండేండ్లు దాటింది. ఈయన తోముడు మొదలుపెట్టిన మరుసటి చలికి.”

నోటి నీళ్ళు బానెడు పట్టి, గాలి తగలకుండా నూనె పోసి, ఆ రాయి ఉంటే చల్లారి ఇనుము మీద దిగుతుందని పాత మేకులు గుప్పెడు వేసి పెట్టి పోయింది మెహర్. రేపు చూడాలంట. నాకు చూడాల్సిన పని లేదు.

74వ రోజు

బాన అడుగున నల్లటి పొర. మేకులు నల్లబడ్డాయి. పెట్టె పెడితే ఇరవై నాలుగు. ఒక్క బానెడు నీళ్ళకే. ఈ రెండేళ్ళలో ఆ గొట్టంలో ఎన్ని బానలు పోయాయో.

ఎర్రక్క అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి కూర్చుని పేర్లు చెబుతోంది. రెండేళ్ళలో తాను చుక్క పెట్టిన పిల్లల పేర్లు. ఓబుళమ్మ కొడుకు. చిన్నదస్తగిరి కూతుళ్ళు ఇద్దరు. కుంటి నాగప్ప మనవడు. పంతొమ్మిది మంది అయ్యారు. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

“ఈ చేత్తోనే పెట్నా. దిష్టి తగలగూడదని.”

“నలుపు నాది. నువ్వు ఉన్నదాన్ని తీసి పెట్నావు.”

“సుక్క పెట్టేటప్పుడు నవ్వుతారయా పిల్లోళ్ళు. వేలు పట్టుకుంటారు. ఆ వేలు నోట్లో పెట్టుకుంటారు.”

ఇది నేను రాయకూడదనుకున్నాను. రాశాను.

76వ రోజు

పొద్దున్నే సుభద్రమ్మ మా ఇంటికొచ్చింది. మధ్యాహ్నం ఊరందరినీ విత్తనాల కొట్టం ముందు కూర్చోబెడుతుంది. ఆలోపు నాతో ఒక మాట అనుకోవాలని వచ్చింది.

“మామా, నీ పేరు ఎత్తను. కొండ కింద రాయి గుణం మారిందని చెప్తా. గొట్టం మీద నమ్మకం పోతే ఈ చలిలో జనం ఎటు పోవాల? నీ మీద నమ్మకం పోతే గొట్టం ఎవరు సూసుకోవాల?”

“రాయి గుణం అట్లనే ఉండాది. మనం పోసింది అది తాగింది.”

“తోముడు ఆపితే సున్నం పడతాది. అది సూడు ముందు.”

“పడతాది. గీకుతా.”

“పదకొండు కీళ్ళు. నీకు డెబ్భై ఒకటి.”

“కీళ్ళు లెక్క పెట్టినావు, ఏండ్లు లెక్క పెట్టినావు. నా చెయ్యి లెక్క పెట్టలేదు.”

ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. అలసిపోయి ఉంది. ఊరికి పెద్దగా ఉండడం గొట్టం గీకడం కంటే కష్టమేమో, నాకు తెలియదు.

మధ్యాహ్నం నేనే చెప్పాను. కూర్చోలేదు, నిలబడే చెప్పాను. ఈ తోముడు నాది, మూడు చలికాలాలు మిమ్మల్ని బతికించింది, అది అబద్ధం కాదు. ఈ నలుపు కూడా నాదే, అదీ అబద్ధం కాదు. కాటుక ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ళు ముట్టకుండా కొయ్యగరిటెతో తీసి ఇనుప డబ్బాలో వేయాలి. పిల్లలకు చేతులు కడగాలి. తోకగది మూసేస్తున్నాం.

ఓబుళమ్మ లేచింది. ఆమె కొడుకుకు ఏడాదిన్నర. ఆ పిల్లవాడికి రెండు నెలలుగా ముఖం ఉబ్బుతోంది.

“నా కొడుకుకు ఏమయితాది తాతా?”

“నాకు తెలీదు.”

“మెహరక్కా, నీకు?”

“నాకూ తెలీదు ఓబుళమ్మా. నా బిడ్డకూ అదే సుక్క.”

ఓబుళమ్మ కూర్చుంది. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది.

79వ రోజు

నోటి దగ్గర పద్నాలుగు. తోక దగ్గర చూడడం కూడా మొదలుపెట్టాం. రాయను, చాలా ఎక్కువ.

తోముడు ఆపి మూడు రోజులు. ముసలివాళ్ళు, పిల్లలు విత్తనాల కొట్టంలో ఉంటున్నారు. గొట్టం అక్కడ ఇంకా మండుతూ పోతుంది, అందుకని నలుపు దిగదు. వాళ్ళకు చోటు కోసం మొలకల తట్టలు గొట్టం పక్కకు జరిపితే ఎండుతున్నాయని గొణుగుడు. ఎండనీ.

తోకగదికి ముందే గొట్టాన్ని తెగ్గొట్టి మలుపు తిప్పాం. బయట గుంత తవ్వి, పాత ఇనుము నింపి, మూతపెట్టిన తొట్టి కట్టాం. నీళ్ళు అందులో చల్లారి, దింపాల్సింది దింపి, వెనక్కి పోతాయి. ఎక్కడో ఒకచోట దిగక తప్పదని మెహర్ అంది. మనం చెప్పినచోట దిగితే చాలు. చుట్టూ ముళ్ళకంచె వేశాం.

బావి నోటి దగ్గర నా పేరు చెరిపేయమని సుభద్రమ్మ మనిషిని పంపింది. వెనక్కి పంపేశాను. ఎర్ర రంగు అడిగి తీసుకుని కింద నేనే రాశాను: ఆపినాం. టిక్కులు తోక కాడ సూడండి. అక్షరాలు పైవాటికంటే పెద్దవిగా వచ్చాయి. మెహర్ చూసి ‘చూడండి’ అని దిద్దాలంది. దిద్దలేదు. నేను అట్లనే అంటాను.

84వ రోజు

రెండు కీళ్ళు గీకాను. తెల్లది. పెంకులుగా ఊడింది. పాత శత్రువును చూసినట్టు ఉంది. భుజానికి ఎర్రక్క ఆముదం రాసింది, వట్టి ఆముదం.

ఆమె మోకాళ్ళ దగ్గర నలభై నాలుగు. పగుళ్ళలో దిగిందంట. మెత్తటి గుడ్డతో రోజూ తుడుస్తున్నాం. నొప్పి మళ్ళీ మొదలైంది. అనదు. లేచేటప్పుడు గోడ పట్టుకుంటుంది, అంతే.

తోకగది కాటుక సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆమె ఏ బిడ్డనూ ఎత్తుకోవడం లేదు. పిల్లలు పాకుతూ వస్తే చేతులు కొంగులో దాచుకుంటుంది.

90వ రోజు

నోటి దగ్గర పద్నాలుగు. తొట్టి దగ్గర నూట పది. విత్తనాల కొట్టంలో పదిహేను. నాలుగో కీలు సగం గీకాను. ధార సన్నగానే ఉంది, వెచ్చగా ఉంది. ఓబుళమ్మ కొడుకు ముఖం వాపు కొంచెం తగ్గింది. మళ్ళీ రావచ్చు అంది మెహర్. రాకపోవచ్చు అని కూడా అంది.

మెహర్ పొద్దున జుబేదాను తీసుకుని మా ఇంటికి వచ్చింది. చేతిలో చిన్న గిన్నె. ఆముదం దీపం మీద పట్టిన మసి, నెయ్యి వేసి నూరింది. ఎర్రక్క ముందు పెట్టింది.

“సుక్క పెట్టు అవ్వా.”

“నువ్వే పెట్టుకో బిడ్డా.”

“నేను పెడితే ఏడుస్తాది. నీ వేలికి అలవాటు.”

“నా వేలు మంచిది గాదు.”

“దిష్టి తగిలేట్టుండాది అవ్వా, సూడు ఎంత బొద్దుగా ఉండాదో. పెట్టు.”

ఎర్రక్క గిన్నె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

“ఏమయా, ఆ పెట్టె తే.”

తెచ్చాను. గిన్నె మీద పట్టుకున్నాను. పద్నాలుగు. ఆమె కుడిచేయి చాపింది. వేలి కొస, గోరు కింద, వేళ్ళ సందులు, అన్నీ చూశాను. పూర్తిగా నిమిషం లెక్కపెట్టాను. నమ్మక ఇంకో నిమిషం లెక్కపెట్టాను.

“ఎంత?”

“పద్నాలుగు.”

వేలు మసిలో ముంచింది. జుబేదా నవ్వి ఆ వేలు పట్టుకోబోయింది. మెహర్ బిడ్డ చేతులు మెల్లగా పట్టుకుని కిందికి దించింది. ఎర్రక్క చుక్క పెట్టింది. బిడ్డ తల తిప్పడంతో అది వంకరగా, కంటికి దగ్గరగా పడింది.

ఎవరూ సరిచేయలేదు.